పమిట తగిలితే ఔట్

గేదెల సింహాచలం కూతకి వెళ్ళిందంటే అవతలి జట్టులో ఇద్దరో ముగ్గురో బయటికి రావాల్సిందే. ఈ సంగతి ఆమె ఆడిన ప్రతి ఊరికీ తెలుసు. ఆమె చెయ్యి తగిలి ఔటైన ప్రతి పిల్లకీ తెలుసు. తెలియనిదల్లా ఢిల్లీకి. ఢిల్లీకి తెలియజేసే బాధ్యత అఖిలాంధ్ర చెడుగుడు సంవర్ధక సమాఖ్యది కాబట్టి ఇందులో ఢిల్లీ తప్పేమీ లేదు.

సమాఖ్యకి ఒక పద్ధతి ఉంది. ఇండియా క్యాంపుకి ఎవరి పేరు పంపాలన్నా ప్రతిభకి రుజువు కావాలి. స్కోరు కాగితం రుజువు కాదు. ఎందుకంటే దాన్ని రాసేది సమాఖ్య వాళ్ళు, సమాఖ్య వాళ్ళ మాటని సమాఖ్యే నమ్మదు. అందుకని పేపర్లో పడిన వార్తని కత్తిరించి జతచేయాలి. మగవాళ్ళకి దీంతో ఏ చిక్కూ రాలేదు. "కామేశ్వర్రావుకి పద్దెనిమిది పాయింట్లు" అని వార్త పడేది, కత్తిరించేవారు, పంపేవారు, కామేశ్వర్రావు రైలెక్కేవాడు. సింహాచలం మీదా ఏటేటా వార్త పడుతూనే ఉంది. మొదటి ఏడు "మెరిసిన ముక్కుపుడక" అని పడింది. రెండో ఏడు "కబడ్డీ కోర్టులో ముద్దమందారం" అన్నారు. మూడో ఏడు ఏకంగా ఫొటో వేశారు. మోకాళ్ళు బాగా పడ్డాయి, స్థలం చాలక తల కత్తిరించేశారు. మూడుసార్లూ ఢిల్లీ నుంచి ఒకటే జవాబు: "అభ్యర్థిని చూడచక్కనిదని ధ్రువపడినది. ఆడుననుటకు ఆధారములు లేవు."

ఆమెకి ఇరవై ఆరు నిండాయి. ఈ ఏడు పిలుపు రాకపోతే ఇంక రాదని కోచ్ సూరమ్మ మొహమ్మీదే చెప్పేసింది. ఇండియా జట్టులో ఆడాలన్నది తప్ప సింహాచలానికి వేరే కోరికంటూ లేదు. దానికి కావలసిందల్లా పేపర్లో ఒక్క ముక్క, తను ఎన్ని పాయింట్లు కొట్టిందన్న ముక్క.

సరిగ్గా ఆ ఏడాదే సమాఖ్యకి సంస్కృతి గుర్తుకొచ్చింది.

మోకాళ్ళ ఫొటో పడ్డాక ఉత్తరాలు వెల్లువెత్తాయి. ఆడపిల్లలు నిక్కర్లేసుకుని ఆడడమేమిటని పెద్దమనుషులు మండిపడ్డారు. ఆ ఫొటోని జాగ్రత్తగా కత్తిరించి, దాచుకుని మరీ మండిపడ్డారు. సమాఖ్య వెంటనే ఒక కమిటీ వేసింది. కమిటీలో అందరూ మగవాళ్ళే అన్న మాట రాకుండా మహిళా సభ్యురాలికని ఒక కుర్చీ వేశారు. కుర్చీ చివరిదాకా అక్కడే ఉంది.

కమిటీ తీవ్రంగా ఆలోచించి ఒక వాక్యం తయారుచేసింది: "క్రీడాకారిణులు మైదానమున లక్షణముగా ఉండవలెను." లక్షణంగా అంటే ఎలాగండీ అని ఒక సభ్యుడు అడిగాడు. పాపం, ఏ తల్లి కన్న బిడ్డో అన్నట్టు అందరూ ఆయన్ని జాలిగా చూశారు. లక్షణంగా అంటే లక్షణంగానే. దానికి అర్థం అడగాల్సి రావడమే అవలక్షణం. చర్చ ముదిరి, లంగావోణీ దగ్గర కాసేపు ఆగి, ఆఖరికి చీర దగ్గర తేలింది. అయితే ఆటల్ని ప్రసారం చేసే టీవీ వాళ్ళకి బెంగ పట్టుకుంది, మరీ నిండుగా ఉంటే జనం చూస్తారా అని. వాళ్ళ కోసం రెండో వాక్యం చేర్చారు: "చీర నిండుగా ఉండవలెను, అయినను ప్రేక్షకులకు నిరాశ కలిగింపరాదు." మగవాళ్ళ దుస్తుల ప్రస్తావన కూడా రాబోయింది గానీ, అప్పటికే భోజనాలు వడ్డించేశారు.

ఉత్తర్వు అందిన రోజునే సింహాచలం సమాఖ్య ఆఫీసుకి వెళ్ళింది. కార్యదర్శి తటవర్తి పురుషోత్తం గారు ఆమెని కూర్చోమన్నారు. ఆడపిల్లల పట్ల ఆయనకి చాలా గౌరవం.

"సీర కట్టుకుని కూతకెల్తే కాలికి తగులుకుని బోర్లా పడిపోనా సార్?" అంది సింహాచలం.

"పడవచ్చునమ్మా. పతనము క్రీడలో అంతర్భాగము. అయితే పడునప్పుడు కూడా లక్షణముగా పడవలెనన్నదే సమాఖ్య అభిమతము."

"ఓలమ్మో! లచ్చనంగా ఎలగ పడతారు సార్?"

"ఆ మార్గదర్శకములు రూపొందుచున్నవి." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సంస్కృతి అనునది మనకు కన్నతల్లి వంటిది తల్లీ."

"మా కన్నతల్లి ఊడుపులప్పుడు సీర మోకాళ్ళ పైకి ఎగ్గట్టుద్ది సార్. నేకపోతే బురదలో దిగలేదు."

"అది వ్యవసాయ శాఖ పరిధి" అన్నారు పురుషోత్తం గారు. "చీర ధరింపని వారిని రాష్ట్ర పోటీలలోనికి అనుమతింపము. ఆపై నీ ఇష్టము."

రాష్ట్ర పోటీల్లో ఆడకపోతే పేపర్లో పడదు, పేపర్లో పడకపోతే ఢిల్లీ లేదు. సింహాచలం లేచి వచ్చేసింది. ఒళ్ళంతా కారం రాసుకున్నట్టు ఉంది. ఏడుద్దామంటే ఏడుపూ రాలేదు, అంత కోపం.

మర్నాడు ప్రాక్టీసులో జట్టుకి జట్టంతా చీరలు చుట్టుకుని దిగింది. మధ్య గీత దాటినవాళ్ళు దాటినట్టు పడ్డారు. ఒకత్తె కుచ్చిళ్ళు తొక్కుకుని పడింది, ఇంకొకత్తె పక్కదాని కుచ్చిళ్ళు తొక్కి ఇద్దర్నీ పడేసింది. కబడ్డీ కోర్టు కాస్తా బట్టలుతికే రేవులా తయారైంది. సింహాచలం మూడోసారి పడబోయి, నిలదొక్కుకునే తొందరలో గిర్రున తిరిగింది. జారిన పమిట గాల్లోకి లేచి అవతలి వైపు నిలబడ్డ పిల్ల చెంప మీద ఫట్‌మని కొట్టింది.

పిల్ల చెంప రుద్దుకుంటోంది. సింహాచలం "సారీనే" అంటోంది. గట్టు మీద కూర్చున్న కోచ్ సూరమ్మ మాత్రం లేచి నిలబడి, విజిలు నోట్లో పెట్టుకుని, ఊదడం మర్చిపోయింది.

"ఒలే సింహాచలం! అది ఔటే!"

"ఏటి ఔటు మేడమ్? నా సెయ్యి తగల్నేదు."

"సెయ్యే తగలాల్నేటే? ఒంటిమీదున్న బట్ట తగిలినా తగిలినట్టేనే! ఇంకో మాట సెప్పనా? కూతకొచ్చిన మనిషిని బట్ట పట్టుకుని ఆపకూడదు. ఆపితే ఆళ్ళదే తప్పు."

నిజమే. కబడ్డీ నిబంధనల్లో ఆ రెండు మాటలూ పాతకాలం నుంచీ ఉన్నాయి. నిక్కర్ల రోజుల్లో వాటితో పెద్దగా పని పడలేదు. ఇప్పుడు సాక్షాత్తూ సమాఖ్యే ఒక్కొక్క ఆటగత్తె భుజమ్మీద రెండు గజాల చెయ్యి అదనంగా పెట్టి, దాన్ని ఎవరూ పట్టుకోకూడదని చెప్పి పంపిస్తోంది. సూరమ్మ మొహం వెలిగిపోయింది.

"కట్టే కాడ తక్కువ కట్టండే. పమిట ఒగ్గే కాడ ఎక్కువ ఒగ్గండి" అంది.

రాష్ట్ర పోటీల మొదటి ఆటలో సింహాచలం "కబడ్డీ కబడ్డీ" అంటూ కూత పట్టి మధ్య గీత దాటింది. కోర్టు నడిమధ్యకి నడిచి వెళ్ళింది. మడమ మీద ఒక్క చుట్టు తిరిగింది. పమిట గొడుగులా విచ్చుకుని ఏడుగురినీ పేరుపేరునా పలకరించి వచ్చింది. రిఫరీ ఒకసారి విజిలు ఊది, పుస్తకం తీసి చూసుకుని, మళ్ళీ ఊది, ఏడు వేళ్ళు చూపించాడు. జనం లేచి నిలబడి ఈలలు వేశారు.

మధ్యాహ్నానికల్లా అన్ని జట్లకీ కిటుకు తెలిసిపోయింది. సాయంత్రానికి స్కోర్లు వంద దాటాయి. స్కోరు బోర్డుకి అంకెలు తగిలించే మేకులు రెండే ఉన్నాయి. మూడో మేకు కొట్టాలంటే టెండరు పిలవాలన్నారు. అంతవరకూ తొంభై తొమ్మిది తర్వాత మళ్ళీ సున్నా నుంచి మొదలెట్టమన్నారు. దాంతో నూటయిదు చేసిన జట్టు ఎనభై చేసిన జట్టు చేతిలో చిత్తుగా ఓడిపోయింది. ఓడినవాళ్ళు గోల పెడితే, బోర్డు మీద ఉన్నదే సత్యమని సమాఖ్య సముదాయించింది.

ఆ సాయంత్రం టీవీ విలేకరి ప్రభంజన్ మైకు పట్టుకుని సింహాచలం దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. ఇన్నాళ్ళకి పాయింట్ల గురించి అడగబోతున్నాడనుకుంది.

"సింహాచలం గారూ, ప్రేక్షకులంతా ఒక్కటే అడుగుతున్నారు. ఈ చీర వెంకటగిరా, మంగళగిరా?"

"నేను నలబై రెండు పాయింట్లు కొట్టానండి."

"వావ్! అంచు మీరే ఎంచుకున్నారా? పప్పుచారు పెట్టడం వచ్చా?"

మర్నాడు పేపర్లో పడింది. "నలభై ఇద్దర్ని ఔట్ చేసిన వెంకటగిరి చీర!" పాయింట్లు మొదటిసారి అచ్చయ్యాయి గానీ అన్నీ చీర ఖాతాలోకి పోయాయి. ఈ ముక్క కత్తిరించి పంపిస్తే ఢిల్లీవాళ్ళు చీరని క్యాంపుకి పిలుస్తారు. సింహాచలం ఆ పేపర్ని ఉండ చుట్టి విసిరేసింది. విసురు మాత్రం బాగా కుదిరింది.

స్కోర్లు చూసి సమాఖ్యకి తల ప్రాణం తోకకొచ్చింది. పురుషోత్తం గారు రెండో ఉత్తర్వు జారీచేశారు: "పమిట భుజము నుండి మూరెడుకు మించి వ్రేలాడరాదు." మూర అంటే మోచేతి నుంచి వేలి చివరిదాకా, సరే. ఎవరి మోచేయి? అది ఉత్తర్వులో లేదు. ప్రతి పిల్లా తమ చుట్టాల్లో బారుచేతుల మనిషి ఎవరా అని వెతుక్కుంది. పొడుగాటి మేనమామలకి ఎన్నడూ లేని గిరాకీ వచ్చింది. బొబ్బిలి జట్టువాళ్ళు తాటిచెట్టులాంటి ఒక బాబాయిని బస్సులో తీసుకొచ్చి, ప్రతి ఆటకి ముందూ ఆయన చెయ్యి కోర్టు పక్కన చాపించి కొలుచుకున్నారు.

మగవాళ్ళ ఆటలకి జనం రావడం మానేశారు. పాపం వాళ్ళ స్కోరు ముప్పై దాటడం లేదు. పక్క కోర్టులో ఆడవాళ్ళు రెండొందలు కొడుతుంటే ముప్పై ఎవడిక్కావాలి? మగ జట్టు కెప్టెన్ బూరాడ కామేశ్వర్రావు పోలీసు కానిస్టేబులు. మనిషి ఆరడుగులు, మీసం ఇంకో అరడుగు. అతను తన జట్టుని వెంటేసుకుని కార్యదర్శి గారి దగ్గరికి వెళ్ళాడు.

"ఇది వివచ్చ సార్. ఆడోళ్ళకి పమిటిచ్చి మాకు ఇవ్వకపోవడం ఏటి న్యాయం?"

"పురుషులకు పమిటయా?" పురుషోత్తం గారు తెల్లబోయారు.

"లచ్చనం ఆడోళ్ళకేనా సార్? మగోళ్ళకి అక్కర్లేదా?"

ఈ ప్రశ్న కమిటీని అడకత్తెరలో పోకచెక్కని చేసింది. అక్కర్లేదంటే మగవాళ్ళు అవలక్షణులని ఒప్పుకున్నట్టు. ఆఖరికి సమానత్వపు సూత్రాన్ని గౌరవించి పురుషులకు కూడా చీర మంజూరుచేశారు.

కామేశ్వర్రావు వంగపండు రంగు చీరలో బరిలోకి దిగాడు. కుచ్చిళ్ళు పెట్టడం చేతకాక, సింహాచలాన్ని బతిమాలి కట్టించుకున్నాడు. బ్రహ్మాండంగా ఆడాడు. నలుగుర్ని, ఐదుగుర్ని ఒక్కో చుట్టులో లేపేశాడు. ఆట అయ్యాక చెమట తుడుచుకుంటూ మైకు ముందు నిలబడ్డాడు. ప్రభంజన్‌కి చీర కట్టిన మనిషి ఎదురుగా కనిపిస్తే ఏమడగాలో బాగా అలవాటు.

"ఆటా సంసారమూ రెండూ ఎలా నెట్టుకొస్తున్నారండీ? పిల్లల్ని ఎవరి దగ్గర వదిలొచ్చారు?"

"ఏటీ?" అన్నాడు కామేశ్వర్రావు.

"మీ ఆవిడ ఆడనిస్తున్నారా? కొంచెం ఇటు తిరిగి, నవ్వుతూ చెప్పండి. ఈ రంగు మీకు భలే నప్పింది."

మర్నాడు పేపర్లో సగం పేజీ ఫొటో పడింది, అదీ నడుం దగ్గర తీసింది. కింద "కామేశ్వర్రావు కులుకు" అని రాశారు. కామేశ్వర్రావు స్టేడియం మెట్ల మీద కూలబడి, ఆ ఆరడుగుల మనిషీ వెక్కి వెక్కి ఏడ్చాడు.

"యాబై పాయింట్లు కొట్టానమ్మా! యాబై! ఒక్కడు ఒక్క ముక్క రాయలేదు. మా యస్సై గారు పొద్దున్నే ఫోన్ చేసి కులుకూ అని పిలిచాడు."

సింహాచలం అతనికి మంచినీళ్ళిచ్చింది. నవ్వొచ్చింది, జాలీ వేసింది. "అలవాటైపోద్ది అన్నా" అంది. "నాకు మూడేళ్ళు పట్టింది."

అతనికి అలవాటు చేసుకునే అవసరం రాలేదు. గంట తిరక్కుండానే సమాఖ్య అత్యవసరంగా సమావేశమైంది. ఒక మగవాడి నడుం పేపర్లో పడిందంటే అది సమాజానికే అప్రతిష్ఠ అని సభ్యులు కంటతడి పెట్టారు. పురుషోత్తం గారు గద్గద స్వరంతో తీర్మానం చదివారు. "ఆటగాని దేహమును గాక ఆటను చూడవలెనన్న మహాసత్యమును సమాఖ్య నేడు కనుగొన్నది. కావున చీర నిబంధన తక్షణమే రద్దు."

గది బయట నిలబడ్డ ఆడపిల్లలు ఎగిరి గంతేశారు. గంతు పూర్తవకముందే రెండో పేరా వినిపించింది. "ఈ సత్యము ప్రస్తుతమునకు పురుషుల విభాగమునకే వర్తించును. స్త్రీల విషయమున అధ్యయనము జరుగవలసియున్నది. అంతవరకు వారు చీరలోనే ఆడవలెను. అయితే పమిట తగిలిన తగిలినట్లు కాదు."

అంటే చీర ఉంటుంది, దానివల్ల వచ్చే లాభం మాత్రం పోతుంది. కాళ్ళకి బంధం వేసి, ఇక పరిగెత్తమ్మా అన్నారన్నమాట. ఫైనల్ ఆ సాయంత్రమే.

సింహాచలం కుచ్చిళ్ళు వెనక్కి తీసి గోచీ దోపింది. పమిట నడుం చుట్టూ తిప్పి బిగించింది. వాళ్ళమ్మ బురదలోకి దిగినట్టే దిగింది. పెద్దమనుషుల వరసలో గుసగుసలు లేచాయి, ఇది లక్షణమా, కాదా అని. వాళ్ళు తేల్చుకునేలోపు ఆమె ఇద్దర్ని ఔట్ చేసి వచ్చేసింది. మళ్ళీ వెళ్ళింది. ముగ్గురు మీద పడి కాళ్ళు పట్టుకుంటే ముగ్గుర్నీ ఈడ్చుకుంటూ వచ్చి, వేలి చివర మధ్య గీతకి తాకించింది. చేతులతో, కాళ్ళతో, ఊపిరితో ఆడిన ఆట అది. ఆఖరి విజిలు మోగేసరికి ఆమె ఒక్కర్తే ఇరవై ఒక్క పాయింట్లు కొట్టింది. ఆనందంతో ఆమెకి ఒళ్ళు తెలియలేదు.

కప్పు ఇచ్చాక విలేకరుల్ని కూర్చోబెట్టారు. పురుషోత్తం గారు ముందుగా మాట్లాడి, ఈ విజయం చీర నిబంధన ఫలితమని వివరించారు. ప్రభంజన్ మైకు ముందుకి చాపి, నవ్వుతూ మొదలెట్టాడు. "సింహాచలం గారూ, ఇంక పెళ్ళి..."

ఈసారి కూడా పెళ్ళి అనో చీర అనో పడితే, ఇంక జన్మకి ఢిల్లీ లేదు. వెనక నుంచి సూరమ్మ గొంతు వినిపించింది. "ఒలే, ఆడి మాట ఇనకే! కూత పట్టు!"

ఆమె గుండెల నిండా ఊపిరి తీసుకుంది. కూతకెళ్ళేటప్పుడు తీసుకునేలాగే తీసుకుంది.

"గేదెల సింహాచలం ఫైనల్లో ఇరవై ఒక్క పాయింట్లు గేదెల సింహాచలం ఫైనల్లో ఇరవై ఒక్క పాయింట్లు గేదెల సింహాచలం ఫైనల్లో ఇరవై ఒక్క..."

ప్రభంజన్ "అది కాదండీ" అన్నాడు. కూత ఆగలేదు. పురుషోత్తం గారు "అమ్మాయ్, లక్షణముగా..." అన్నారు. కూత ఆగలేదు. ఒక విలేకరి ముక్కుపుడక గురించి అడగబోతే, ఆమె బల్ల ముందుకి వంగి అతని మొహంలోకి కూసింది. అతను భయపడి పెన్ను తీసి రాసేసుకున్నాడు. అతన్ని చూసి పక్కవాడు రాసుకున్నాడు. ఆ ఒక్క ఊపిరితో ఆమె వరసలన్నీ తిరిగింది, ఒక్కొక్కడి ముందూ నిలబడి, రాసేదాకా కదలకుండా. కళ్ళు ఎర్రబడ్డాయి, మెడ నరాలు ఉబ్బాయి. ఆఖరి విలేకరి ఆఖరి అక్షరం రాశాక, గుమ్మం దాటి బయటపడి అప్పుడు ఊపిరి వదిలింది.

ఆమె మళ్ళీ లోపలికి రాలేదు. వేరే సరుకేదీ లేక, పేపర్లు రెడీగా ఉన్న ఆ ఒక్క ముక్కే వేసుకున్నాయి: "ఫైనల్లో గేదెల సింహాచలానికి ఇరవై ఒక్క పాయింట్లు." సూరమ్మ దాన్ని తన చేత్తోనే కత్తిరించి, పురుషోత్తం గారి బల్ల దగ్గర నిలబడి, ఆయన సంతకం పెట్టి కవరు అంటించేదాకా కదల్లేదు.

ఢిల్లీ నుంచి ఈసారి జవాబు తొందరగానే వచ్చింది. సూరమ్మ గ్రౌండులోనే విప్పింది. పిల్లలంతా చుట్టూ మూగారు. చదువుతూ చదువుతూ ఆమె ఒకచోట ఆగిపోయింది.

"రాలేదా మేడమ్?" అంది సింహాచలం.

"వచ్చింది. ఇండియా క్యాంపుకి పిలిచారు. కానీ ఒలే..." సూరమ్మకి నవ్వు ఆగడం లేదు. "వార్తలో పాయింట్లు తప్ప ఇంకేటీ నేవని, ఆటగాడు మగోడని అనుకున్నారే! 'శ్రీ గేదెల సింహాచలం' అంట. మగోళ్ళ క్యాంపుకి పిలిచారు."

పిల్లలు పడీ పడీ నవ్వారు. సింహాచలం నవ్వలేదు. ఉత్తరం చేతిలోకి తీసుకుంది. ఢిల్లీ రమ్మన్న ఉత్తరం అందుకోవడం ఆమె జీవితంలో ఇదే మొదటిసారి.

"ఇప్పుడు నానేటి సెయ్యాలి మేడమ్?"

"ఏటి సెయ్యడమేటే? ఎల్లు. ఎల్లి ఆళ్ళని ఔట్ సేసి రా. తర్వాత సంగతి తర్వాత."

సింహాచలం ఉత్తరాన్ని మొదటి నుంచి చదివింది. ఏ రైలు ఎక్కాలో ఉంది. ఎక్కడ దిగాలో ఉంది. తెల్లవారి ఎన్నింటికి మైదానంలో ఉండాలో ఉంది. వెనక్కి తిప్పి చూసింది. మళ్ళీ ముందువైపు వెతికింది. ఏం కట్టుకుని రావాలో ఎక్కడా లేదు.